ఊట దగ్గర ఎవరి మాట చెల్లుతోంది?

రబీ నాట్లు పడ్డాక గోదావరిలో సహజ ప్రవాహం తగ్గితే ఉభయ గోదావరి జిల్లాల రైతులు ముందుగా వాకబు చేసేది సీలేరు గురించే. బలిమెలలో ఆంధ్ర వాటా ఎంత మిగిలింది, పైనుంచి రోజుకు ఎన్ని క్యూసెక్కులు దిగుతున్నాయి అన్న లెక్క ఆ నెలల్లో జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. జలవిద్యుత్ కేంద్రాల్లో టర్బైన్లు తిప్పి వచ్చిన ఆ నీరు శబరిలో పడి, కూనవరం దగ్గర గోదావరిని చేరి, ధవళేశ్వరం దగ్గర కాలువలకు ఎక్కుతుంది. విశాఖపట్నం సంగతీ ఇలాంటిదే. తాటిపూడి దగ్గర ఆపిన గోస్తని, రైవాడ దగ్గర ఆపిన శారద అనంతగిరి కొండల్లో పుట్టి వచ్చినవే. నగరం కుళాయిల్లో వాటికీ వాటా ఉంది.

మైదానంలో ఇన్ని లక్షల మందికి నీళ్ళిచ్చే ఆ కొండల మీద వేసవి వస్తే ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఊట దగ్గర వంతు కోసం కూర్చుంటారు. అది వార్త అవుతుంది. వార్త అయినప్పుడల్లా ఒక బోరో, ఒక ట్యాంకో మంజూరవుతుంది. దాన్ని ఎక్కడ వేస్తే పనిచేస్తుందో, వెనకటిది ఎందుకు మూలపడిందో ఊరిని అడిగే ఆనవాయితీ లేదు. మన్యం దాహానికి నిధుల కొరత ఒక కారణమైతే అయి ఉండొచ్చు. అసలు కారణం వేరే ఉందని నా అభిప్రాయం. నీటి లెక్క ఊరి చేతిలో లేదు. లెక్క లేని ఊరి మాట ఏ ఆఫీసులోనూ నిలబడదు. ఆ లెక్క రాయగల చదువు ఇవాళ గూడేల్లో ఇరవై ఏళ్ళ పిల్లల దగ్గర ఉంది. వాళ్ళకు ఆ పని అప్పజెప్పే ఏర్పాటే లేదు.

చట్టాలకు లోటేమీ లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పీసా చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని నేరుగా గ్రామసభకే ఇచ్చింది. అదే చట్టం మూడో సెక్షన్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వెసులుబాటు ఉంది. తాగునీటి పైపులైను, చిన్న చెరువు, వాననీటి నిల్వ కట్టడం, చిన్న సాగునీటి కాలువ వంటి సదుపాయాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫార్సు మీద ఇవ్వొచ్చు. ఫైలు ఢిల్లీ దాకా వెళ్ళక్కర్లేదు. అనంతగిరి మండలం గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, గనుల లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి స్థానికుల సదుపాయాలకు ఖర్చు చేయాలన్నప్పుడు, ఆ సదుపాయాల్లో నీటి వనరులనూ పేర్కొంది. ఉమ్మడి రాష్ట్రం 2011లో పీసా నియమాలు కూడా తెచ్చింది.

మరి ఎక్కడ చిక్కుపడింది? చిన్న నీటి వనరు అనగానే నీటిపారుదల శాఖ మనసులో మెదిలేది చెరువు. చెరువుకు ఆయకట్టు ఉంటుంది, గట్టు ఉంటుంది, రిజిస్టరులో పేరు ఉంటుంది. రాతి పగుళ్ళలోంచి సన్నగా కారే ఊటకు ఇవేవీ లేవు. 2023లో కేంద్రం వెలువరించిన తొలి నీటి వనరుల గణన దేశంలో 24 లక్షలకు పైగా జలవనరులను లెక్కపెట్టింది. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1.9 లక్షలు తేలాయి. ఆ గణన నిర్వచనంలోనే నదులు, వాగులతో పాటు పారే ఊటలను పక్కన పెట్టారు. ఊటలను వేరుగా లెక్కించాలన్న ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. దేశంలో సుమారు 50 లక్షల ఊటలు ఉంటాయని, దాదాపు 20 కోట్ల మంది ఏదో ఒక మేరకు వాటి మీద ఆధారపడ్డారని 2018లో నీతి ఆయోగ్ కార్యబృందమే అంచనా వేసింది. అంతమంది తాగే నీరు రికార్డుల్లో లేదన్నమాట.

రికార్డులో లేని నీటికి పథకం ఎలా రాస్తారు? ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. పది లీటర్ల బకెట్టు ఊట కింద పెడితే 40 సెకన్లలో నిండిందనుకుందాం. నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు కాబట్టి ఆ ఊట 390 మందికి చాలుతుంది. ఇది జనవరిలో చూసిన లెక్క. ఏప్రిల్‌లో అదే ఊట నిమిషానికి నాలుగు లీటర్లకు పడిపోతే రోజుకు వచ్చేది 5,760 లీటర్లు. నూట నలుగురికి మించి చాలదు. శీతకాలంలో ఒకసారి వచ్చి చూసి వెళ్ళిన ఇంజినీరుకు ఏప్రిల్ ఊట కనిపించదు. అతని తప్పు కూడా కాదు, ఒక మనిషికి నాలుగైదు మండలాలు అప్పగించి ఉంటారు. ఏడాది పొడవునా ఆ ఊట పక్కనే బతికే మనిషి నెలకు రెండుసార్లు బకెట్టు పెట్టి పుస్తకంలో రాసి ఉంటే, ట్యాంకు ఎంత పెద్దది కట్టాలో, రెండో ఊటను కలపాలో వద్దో మొదట్లోనే తేలిపోయేది. బకెట్టు, సెల్‌ఫోన్, ఒక నోటుపుస్తకం. ఇంతకు మించి సరంజామా అక్కర్లేదు.

తూర్పు కనుమల్లో పనిచేసే పరిజ్ఞానం కూడా కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. పైన ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, నీటిని వడకట్టి, పైపు ద్వారా వాలు మీదుగా గూడేనికి దించే గ్రావిటీ పథకాలు పాడేరు చుట్టుపక్కల ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నాయి. కరెంటు బిల్లు లేదు, మోటారు కాలిపోదు. గట్టి రాతిలో బోరు వేయడం జూదం లాంటిదని అక్కడివాళ్ళందరికీ తెలుసు. అయినా అంచనాల్లో బోరే ముందు ఉంటుంది. బోరుకు ధరల పట్టిక ఉంది, కాంట్రాక్టరు ఉన్నాడు, కొలతలు రాసే ఎం.బుక్కులో అడుగుల లెక్క తేలిక. ఊట పథకంలో ఎక్కువ పని రాళ్ళు పేర్చడం, పైన చెట్లు కాపాడడం, వానాకాలం ముందు తొట్టి కడగడం. వీటికి బిల్లు ఎలా పెడతారు?

జల్ జీవన్ మిషన్ ఈ విషయంలో కొంత ఆలోచించింది, ఒప్పుకోవాలి. గ్రామ నీటి కమిటీలో సగం మంది మహిళలు ఉండాలంది, నాలుగో వంతు ఎన్నికైన సభ్యులు, మిగతా నాలుగో వంతు బలహీన వర్గాలవారు అంది. ప్రతి ఊళ్ళో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలంది. ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊళ్ళలో ప్రజల వాటాను పది శాతం నుంచి ఐదు శాతానికి తగ్గించింది. ఇంత కూర్పులో యువతకు మాత్రం ఒక్క స్థానం ప్రత్యేకించలేదు. చాలాచోట్ల కమిటీ అనేది తీర్మానం కాగితం మీద సంతకాల వరకే. ఊరికి పథకం వచ్చాక కమిటీని పిలిచి సంతకం తీసుకుంటే దాన్ని భాగస్వామ్యమని నివేదికల్లో రాసుకోవచ్చు, అంతకు మించి ఏమీ జరగదు.

జనానికి సాంకేతిక విషయాలు అర్థం కావన్న వాదన వినబడుతూనే ఉంటుంది. దానికి జవాబు మన ఉమ్మడి రాష్ట్రంలోనే, అదీ కరువు సీమలోనే ఎప్పుడో దొరికింది. రెండువేల దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 638 ఆవాసాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. నెదర్లాండ్స్ నిధులిచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది, స్థానిక స్వచ్ఛంద సంస్థలు ఊళ్ళలో నడిపించాయి. అక్కడ రైతులే, మహిళలతో సహా, వర్షమాపకం చదివారు, బావిలో టేపు వదిలి నీటిమట్టం కొలిచారు, బోరు ఎంత పోస్తోందో చూశారు. ఆ అంకెలు ఊరి గోడ మీద అందరికీ కనిపించేలా రాశారు.

రబీకి ముందు జరిగేది అసలు విశేషం. ఒక వాగు పరీవాహకంలోని ఊళ్ళవాళ్ళంతా కూర్చుని, ఈ ఏడు వానకు భూమిలోకి ఎంత ఇంకింది, ఎవరెవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి అని బడ్జెట్ వేసేవారు. లోటు తేలితే వరి వేద్దామనుకున్నవాళ్ళలో కొందరు ఆరుతడి పంటలకు మళ్ళేవారు. జరిమానా లేదు, సబ్సిడీ లేదు, బోరు మూయించే అధికారి లేడు. ఎవరి పొలం మీద నిర్ణయం వాళ్ళదే. అయినా అంకె కళ్ళ ముందు కనబడితే మనిషి లెక్క మారుతుందని ఆ ఊళ్ళు చూపించాయి. 2010లో ప్రపంచ బ్యాంకు భూగర్భ జలాల నివేదిక దీన్ని మిగతా దేశానికి ఉదాహరణగా చూపింది. ప్రాజెక్టు ముగిసి నిధులు ఆగాక దాన్ని అందిపుచ్చుకుని రాష్ట్రమంతా విస్తరించాల్సింది ప్రభుత్వం. ఆ పని జరగలేదు. తర్వాత కేంద్రం గ్రామాల నీటి బడ్జెట్ ఆలోచనతో అటల్ భూజల్ యోజన తెచ్చినప్పుడు ఎంపిక చేసిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

అది మైదానం, బావులు, బోర్లు. కొండల్లో ఇది కుదురుతుందా అంటే సిక్కిం చూడాలి. 2008 ప్రాంతంలో ధారా వికాస్ పేరుతో ఆ రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఎండిపోతున్న ఊటల మీద దృష్టి పెట్టింది. ఊట కనిపించే చోటు వేరు, దానికి నీరందే చోటు వేరు. కొండకు అవతలి వాలున కూడా ఉండొచ్చు. రాతి పొరల వాలు చదివి ఆ చోటు పట్టుకోవడం భూగర్భ శాస్త్రం పని. సిక్కిం ఆ శాస్త్రాన్ని స్థానిక యువకులకు నేర్పించి, ఉపాధి హామీ నిధులతో పైన కందకాలు తవ్వించి వాన ఇంకేలా చేసింది. ఊటలు తిరిగి పుంజుకున్నాయి. మన కొండల రాయి హిమాలయాల రాయి లాంటిది కాదు, అక్కడి నకలు ఇక్కడ యథాతథంగా అతకదు. పద్ధతి మాత్రం పనికొస్తుంది.

ఆదివాసీలకు నీటి గురించి తెలిసింది మనం జాతర ఫోటోలకే పరిమితం చేశాం. పుష్య అమావాస్య ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నుంచి కాలినడకన జన్నారం మండలం హస్తినమడుగు దాకా వెళ్ళి గోదావరి జలం తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఏటా ఆ బొమ్మ పత్రికల్లో వస్తుంది. ఆ దారిలో ఏ వాగు ఏ నెలలో దాటొచ్చు, ఎక్కడ చెలమ తీస్తే నీరు పడుతుంది అన్న ఎరుక తరాలుగా వాళ్ళ కాళ్ళకు ఉంది. దాన్ని ఏ ప్రణాళికలోనైనా వాడుకున్నామా? కుమ్రం భీం పేరుతో మనం పదేపదే తలచుకునే జల్, జంగల్, జమీన్‌లో జమీన్ కోసం పోడు పట్టాల పోరాటం జరిగింది, జంగల్ కోసం చట్టం వచ్చింది. జల్ మీద మాత్రం చర్చ కుళాయి వచ్చిందా రాలేదా దగ్గరే ఆగిపోయింది.

యువత సంగతికొస్తే, వాళ్ళకు ఆసక్తి లేదనడం తేలిక. మన్యం పిల్లవాడు చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలకు, అక్కడి నుంచి గురుకులానికి వెళ్తాడు. సెలవులకే ఇంటికి వస్తాడు. తాత వెంట అడవిలో తిరగాల్సిన వయసంతా హాస్టల్లో గడుస్తుంది. చివరికి చదువుకున్న మనవరాలికి ఊట ఎక్కడుందో తెలియదు, ఊట గుట్టంతా తెలిసిన తాతకు దాన్ని లీటర్లలో చెప్పడం రాదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టేది బడి కావచ్చు, గ్రామసభ కావచ్చు. సెలవుల ప్రాజెక్టుగా ఊరి నీటి పటం గీయించడం గురుకులాలకు పైసా ఖర్చు లేని పని. డిగ్రీ చదివి విశాఖలోనో హైదరాబాదులోనో చిన్న జీతానికి పనిచేస్తున్న పిల్లల్లో ఊళ్ళో ఆదాయం ఉంటే తిరిగొస్తామనేవాళ్ళు ఉంటారు. వాళ్ళను స్వచ్ఛందంగా సేవ చేయమనడం అన్యాయం. ఇంజినీరుకు జీతం, కాంట్రాక్టరుకు బిల్లు, ఆదివాసీ కుర్రాడికి మాత్రం సర్టిఫికెట్టు అంటే ఆ పని ఆరు నెలలు కూడా నిలవదు. నిలవకపోతే, చూశారా యువతకు బాధ్యత లేదు అని మళ్ళీ మనమే అంటాం.

ఊరు అనగానే అంతా ఒక్కటేనని అనుకోవడం కూడా పొరపాటే. కులపెద్ద మాట ముందు పాతికేళ్ళ కుర్రాడి మాట చెల్లదు. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు, సభలో మాట్లాడేది మగవాళ్ళు. ఒకే పంచాయతీలో పెద్ద గూడెం పైపుకు అడ్డంగా వాల్వు తిప్పుకుంటే కింది గూడేనికి నీరు రాదు. గ్రామసభకు అధికారం ఇస్తే ఇవన్నీ మాయమవుతాయని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. గోడ మీద అంకెలు ఉంటే మాత్రం ఎవరు ఎంత వాడుకున్నారో దాచడం కష్టమవుతుంది. ఆ అంకెలు రాసేది ఒక అమ్మాయి అయితే సభలో ఆమెకు మాట్లాడే సందు దొరుకుతుంది.

మైదానంలో మనం కట్టుకున్న నీటి సంఘాలు ఇక్కడ ఒక హెచ్చరిక. 1997 చట్టంతో ఉమ్మడి రాష్ట్రం పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పరిచింది. దేశంలో అంత పెద్ద ప్రయత్నం అప్పటికి లేదు. అయితే ఓటు రికార్డులో భూమి ఉన్నవాడిది. పట్టా తండ్రి పేరున ఉన్న కుర్రాడికి, కాగితం లేని కౌలుదారుకు, కాలువ గట్టున బతికే కూలీకి అందులో చోటు లేదు. ఆ తర్వాత ఎన్నికలు వాయిదాలు పడి, సంఘాలు పార్టీల చేతుల్లోకి వెళ్ళాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి, ఓటు ఎవరికన్న ప్రశ్న మాత్రం అక్కడే ఉంది. పోడు భూముల్లో ఇదే సూత్రం పెడితే గూడెంలో సగం మంది నీటి చర్చకు బయటే ఉంటారు.

చిన్న ఊటల గురించి ఇంత చెప్పి పెద్ద ప్రాజెక్టుల ఊసెత్తకపోతే సగం మాటే అవుతుంది. పోలవరంలో మునిగే ఊళ్ళు ఖాళీ చేయాల్సిన కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి. వారిలో పెద్ద భాగం కోయ, కొండరెడ్డి వంటి ఆదివాసీ తెగలవారు. 2014లో ఆ ముంపు మండలాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చే నిర్ణయం ఆర్డినెన్సుతో జరిగిపోయింది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల మీద పంప్డ్ స్టోరేజి విద్యుత్ కేంద్రాల ప్రతిపాదనలు వచ్చాయి. కింది జలాశయం నుంచి నీటిని పైకి ఎక్కించి, గిరాకీ ఉన్న వేళ కిందికి వదిలి కరెంటు తీస్తారు. సౌర విద్యుత్తుకు ఇలాంటి నిల్వ అవసరమన్న మాట నిజమే. గిరిజన సంఘాలు అడుగుతున్నది వేరు. మా గెడ్డలు, మా మడులు ఏమవుతాయో ముందు చెప్పండి అంటున్నాయి. పీసాలో భూసేకరణకు ముందు సంప్రదించాలని ఉంది తప్ప సమ్మతి తీసుకోవాలని లేదు. ఈ ఒక్క మాటలోనే అధికారుల వెసులుబాటు అంతా ఉంది.

సమ్మతి అడిగితే ఏమవుతుందో పక్కనే నియమగిరిలో చూశాం. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలో పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. కొండ మీది వాగులు ఎండిపోతాయన్నది డోంగ్రియా కోందుల వాదనల్లో ముఖ్యమైనది. జెర్రెల బాక్సైట్ విషయంలో మన మన్యంలోనూ అదే మాట వినబడింది. అక్కడి తవ్వకాల కోసం 2015లో ఇచ్చిన ఉత్తర్వు 2019లో రద్దయింది. ఒకవేళ ఆ ఊళ్ళ దగ్గర పదేళ్ళ ఊటల లెక్క ఉండి ఉంటే ఆ వాదన ఊరేగింపుల మీద, రాజకీయ గాలి మీద ఆధారపడాల్సి వచ్చేది కాదు. పర్యావరణ ప్రభావ నివేదిక రాసే కన్సల్టెంటు ముందు గ్రామసభ తన పుస్తకం పెట్టగలగాలి.

అనకాపల్లి, విజయనగరం జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతానికి అవతల మిగిలిపోయిన గిరిజన గూడేలు చాలా ఉన్నాయి. కొండ అదే, తెగ అదే. పీసా మాత్రం వర్తించదు. ఆ ఊళ్ళను ఐదో షెడ్యూలులో చేర్చాలన్న డిమాండు ఏళ్ళ తరబడి ఢిల్లీ, అమరావతి మధ్య తిరుగుతోంది. నీటి విషయంలో అంతవరకు ఆగనక్కర్లేదు, అటవీ హక్కుల చట్టం అక్కడ కూడా వర్తిస్తుంది.

చేయాల్సిన పని ఇప్పటికే ఉన్న చట్టాలతో, ఉన్న నిధులతో మొదలవుతుంది. గ్రామసభ ప్రతి ఊటకు, ప్రతి గెడ్డకు పేరు రాసి రిజిస్టరు పెట్టాలి. ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని ఎంచుకుని ఏడాది పొడవునా కొలిచే పని అప్పజెప్పాలి. ఆర్థిక సంఘం పంచాయతీలకు నీటి కోసం కేటాయించే నిధుల్లోంచి వాళ్ళకు నెలనెలా వేతనం ఇవ్వాలి. గ్రామ నీటి కమిటీలో ముప్పై ఏళ్ళ లోపు వారికి కనీసం రెండు స్థానాలు ఉండాలి. ఊరి రిజిస్టరు జత చేయని అంచనాను ఇంజినీరింగ్ విభాగం మంజూరు చేయకూడదు. చివరి షరతు లేకుండా పై పనులన్నీ చేసినా పుస్తకం అటక మీదికి పోతుంది. అంచనాకు తాళం ఊరి దగ్గర ఉంటేనే ఇంజినీరు ఆ ఊరి మాట వింటాడు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి ఒక సర్క్యులర్‌తో మొదలుపెట్టగల పని. వచ్చే వేసవికి ముందే పాడేరు, ఉట్నూరు ఐటీడీఏలు చెరో మండలంలో దీన్ని మొదలుపెట్టాలి.